గాయపడినవారికి తలుపులు తెరచిన ఊరు: హెన్రీ డ్యూనాంట్ జీవితం

శతాబ్ది ఉత్సవం అంటే మన పూర్వులను తలచుకొనే సమయం. మన ప్రాంతానికి సువార్త తెచ్చినవారిని, బడులు ఆసుపత్రులు కట్టినవారిని, కాలినడకన పల్లెలు తిరిగిన ఉపదేశకులను ఇట్టి సంచికలలో స్మరించుకొనడం మన ధర్మం. అయితే మన గోదావరి గట్టును గాని, కొల్లేటి నీళ్లను గాని ఎన్నడూ చూడని ఒక మనిషిని గురించి నాలుగు మాటలు రాయాలని నా కోరిక. ఆయన పేరు హెన్రీ డ్యూనాంట్. రెడ్‌క్రాస్ గుర్తును చూడనివారు మనలో ఉండరు గాని, దానికి కారకుడైన మనిషి కథ, ఆయనకు ఆ ఆలోచన కలిగించిన ఒక చిన్న ఊరి కథ చాలామందికి తెలియవు. ఆ రెండు కథల్లోనూ క్రైస్తవ సంఘం నేర్చుకొనవలసిన పాఠం ఉంది. ఒకటి సంతోషం కలిగించేది. రెండవది తల దించుకొనేటట్లు చేసేది.

యుద్ధం మన సీమకు కొత్త కాదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. తరువాత 1759 ఫిబ్రవరిలో సైన్యంతో ఏలూరు వచ్చి, కొన్నాళ్లు ఇక్కడ ఆగి, మార్చిలో బందరు కోటను ముట్టడించాడు. ఏప్రిల్ 7 రాత్రి జరిగిన దాడిలో కోట అతని వశమైంది. ఆ రాత్రి కెప్టెన్ కాలెండర్ మరణించాడనీ, కెప్టెన్ యార్క్‌కు రెండు తొడలకూ గుండ్లు తగిలాయనీ చరిత్రకారులు పేరుపేరునా రాశారు. అదే రాత్రి అదే గోడ కింద పడిపోయిన సిపాయిలు మాత్రం పుస్తకాలలో ఒక అంకెగా మిగిలారు. వారి పక్షాన వచ్చిన విజయనగరం ఆనందరాజు గారి మనుషుల సంగతి అంతకంటె అన్యాయం. ఎవరి బిడ్డ ఎక్కడ పడ్డాడో, ఎవరు నీళ్లిచ్చారో, ఏ గుంటలో పూడ్చారో రాసి పెట్టినవారు లేరు. ఇది అన్ని దేశాలలోనూ ఉన్న తీరే. యుద్ధం ముగిస్తే రాజులకు విజయం, సేనానులకు బిరుదులు, సామాన్య సైనికునికి మన్ను.

ఫోర్డ్ సైన్యం ఏలూరు దాటి వెళ్లిన సరిగ్గా నూరేళ్లకు, 1859లో, ఈ తీరును మార్చే సంఘటన ఇటలీ దేశంలోని ఒక ఊరిలో జరిగింది.

బాల్యం, యౌవనం

జాన్ హెన్రీ డ్యూనాంట్ 1828వ సంవత్సరం మే నెల 8వ తేదీన స్విట్జర్లాండులోని జెనీవా పట్టణంలో జన్మించారు. తండ్రి వ్యాపారస్థుడు. అనాథల బాగోగులు, జైలునుండి విడుదలైనవారి బాగోగులు చూచే పనిలో ఉండేవాడు. తల్లి రోగుల ఇళ్లకు, పేదల ఇళ్లకు వెళ్లి సహాయం చేసేది. ఇద్దరూ భక్తిపరులు. హెన్రీ చిన్నవాడుగా ఉన్నప్పుడు తండ్రితో కూడ ఫ్రాన్సులోని తూలోన్ రేవుకు వెళ్లి, అక్కడ సంకెళ్లతో పనిచేసే ఖైదీలను చూచాడు. ఆ దృశ్యం ఆయన మనస్సులో జీవితాంతం నిలిచిపోయింది.

చదువులో హెన్రీ గొప్పవాడు కాడు. మార్కులు చాలక విద్యాలయం విడిచిపెట్టి ఒక బ్యాంకులో పని నేర్చుకొన్నాడు. కాని పదునెనిమిదేండ్ల వయసుకే దానధర్మాల సంఘంలో చేరాడు. సాయంకాలాలు తోటి యువకులతో కూడి బైబిలు చదవడం, పేదలను దర్శించడం, చెరసాలకు వెళ్లి ఖైదీలతో మాట్లాడడం ఆయన అలవాటు. 1852 నవంబరు 30న జెనీవాలో వై.ఎం.సి.ఏ. స్థాపించినవారిలో ఆయన ముఖ్యుడు. 1855లో పారిస్‌లో వివిధ దేశాల వై.ఎం.సి.ఏ.లు కలిసి ప్రపంచ సమాఖ్యగా ఏర్పడినప్పుడు దానికోసం ఉత్తరాలు రాసి, తిరిగి, శ్రమించినవారిలో కూడా ఆయన ఒకడు. మన దేశంలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు బిషప్పు కాక మునుపు పనిచేసినది ఈ వై.ఎం.సి.ఏ.లోనే. ఆ విధంగా చూస్తే డ్యూనాంట్ గారు మనకు మరీ పరాయివాడు కాడు.

బ్యాంకు పనిమీద ఆయన ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియా వెళ్లారు. అది అప్పుడు ఫ్రెంచివారి వశంలో ఉంది. అక్కడ పిండిమరల వ్యాపారం పెట్టి, స్నేహితులచేత, బంధువులచేత డబ్బు పెట్టించారు. కాని భూమికి, నీటికి కావలసిన అనుమతులు ఫ్రెంచి అధికారులనుండి రాలేదు. నీరు లేనిదే మర తిరగదు. చివరకు సాక్షాత్తు చక్రవర్తి మూడవ నెపోలియన్ వద్దకే వెళ్లి విన్నవించుకోవాలని బయలుదేరారు. చక్రవర్తి అప్పుడు ఇటలీలో ఆస్ట్రియాతో యుద్ధంలో ఉన్నాడు. డ్యూనాంట్ గారు సైనికుడు కాదు, వైద్యుడు కాదు, మిషనరీ కూడా కాదు. తన వ్యాపారం చక్కదిద్దుకొనడానికి తెల్లని దుస్తులు వేసుకొని వెళ్లిన ఒక వర్తకుడు మాత్రమే. ఈ సంగతి మనం మరువరాదు. మంచి సమరయుడు కూడా తన పనిమీద తాను పోతున్నవాడే గదా.

సొల్ఫెరీనో

ఇటలీ ఉత్తర భాగంలో గార్డా అనే పెద్ద సరస్సు ఉంది. దానికి దక్షిణంగా చిన్న చిన్న గుట్టలు, ఆపైన మైదానం, ద్రాక్షతోటలు, మల్బరీ చెట్లు. 1859 జూన్ 24, శుక్రవారం, బాప్తిస్మమిచ్చు యోహాను పండుగనాడు, సొల్ఫెరీనో అనే గ్రామం చుట్టూ ఫ్రెంచి, సార్డీనియా సైన్యాలు ఒక ప్రక్క, ఆస్ట్రియా సైన్యం మరొక ప్రక్క తలపడ్డాయి. రెండు పక్షాలా కలిపి దాదాపు మూడు లక్షల మంది. తెల్లవారకముందు మొదలైన పోరాటం సాయంకాలం గాలివాన విరుచుకుపడేదాకా సాగింది. ఆస్ట్రియా సైన్యం వెనుదిరిగింది. ఆ ఒక్కరోజున చనిపోయినవారు, గాయపడినవారు, ఏమైనదీ తెలియనివారు కలిసి దాదాపు 40 వేల మంది.

సైన్యంతో వచ్చిన వైద్యులు బహు కొద్దిమంది. గాయపడినవారిని మోయడానికి చాలినన్ని బండ్లు లేవు, కట్టడానికి మనుషులు లేరు. కదలగలిగినవారు పాకుతూ, ఒకరినొకరు ఆనుకొంటూ, కొందరు కంచరగాడిదల మీద, కొందరు సామాను బండ్లలో దగ్గరి ఊళ్లకు చేరసాగారు. అట్టి ఊళ్లలో ముఖ్యమైనది కాస్తిల్యోనే. మన కథోలిక సహోదరులకు ఈ ఊరి పేరు వేరే విధంగా తెలిసి ఉంటుంది. రోములో తెగులు రోగులకు సేవ చేసి, ఆ తెగులుకే 1591లో ప్రాణమిచ్చిన పునీత అలోషియస్ గొంజాగా పుట్టిన ఊరు అదే.

ఊరి తలుపులు

కాస్తిల్యోనే జనాభా అయిదు వేల పైచిలుకు. మూడు రోజుల్లో ఆ ఊరికి వచ్చిపడిన క్షతగాత్రులు ఊరి జనాన్ని మించిపోయారు. మొదట ఆసుపత్రి నిండింది. తరువాత సైనికుల బారకాసులు, మఠాలు, గుడులు నిండాయి. ఆ తరువాత ఇళ్లు, ఇళ్ల ముంగిళ్లు, చివరకు వీధులు. వీధుల్లో గడ్డి పరచి, ఎండ తగలకుండా పలకలు, గుడ్డలు కట్టారు. ఊరి నడుమ ఉన్న పెద్ద గుడిలో సుమారు 500 మందిని పడుకోబెట్టారు. గుడి ముందు గడ్డిమీద ఇంకొక వంద మంది. ఆదివారం వచ్చింది. ఆ గుడి రాళ్లమీద మోకరించేవారికి చోటు లేదు. ఆరాధన జరిగే స్థలమంతా మూలుగులతో, నెత్తురుతో, ఈగలతో, దుర్వాసనతో నిండి ఉంది. ఫ్రెంచివారు, అరబ్బులు, జర్మనులు, హంగేరీవారు, క్రోయేషియావారు ప్రక్క ప్రక్కనే పడి ఉన్నారు. ఒకరి భాష ఒకరికి తెలియదు. నీళ్లు అనే మాట మాత్రం సైగతోనే అర్థమయ్యేది.

యుద్ధమైన సాయంకాలానికి డ్యూనాంట్ గారు ఆ ఊళ్లో ఉన్నారు. శని, ఆది, సోమ వారాలు ఆయన ఆ గుడిని విడిచిపోలేదు. ఆయనకు వైద్యం రాదు. వచ్చినదల్లా గాయాలు కడగడం, నీళ్లు తాగించడం, కట్లు కట్టడం. అయితే ఆయన చేసిన ముఖ్యమైన పని మరొకటి ఉంది. చేతులను సమకూర్చడం. ఊళ్లోని స్త్రీలను, పడుచుపిల్లలను పిలిచి, వారిని జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆహారం, ఒక జట్టుకు నీళ్లు, ఒక జట్టుకు కట్లు అప్పగించారు. వీధి పిల్లలు బాల్చీలతో, బుడ్లతో ఊరి నీటిధారలనుండి గుడికి, గుడినుండి నీటిధారలకు పరుగెత్తుతుండేవారు. తన బండివానిని బ్రెషా పట్టణానికి పంపి చామంతి జాతి మందు పూలు, నిమ్మపండ్లు, నారింజలు, చక్కెర, చొక్కాలు, స్పాంజీలు, గుడ్డపట్టీలు, గుండుసూదులు, దుర్వాసనను అణచడానికి పొగాకు తెప్పించారు. దారిన పోయేవారిని కూడా పనిలోకి దించారు. ఒక ముసలి నౌకాధికారి, ఇంగ్లాండునుండి వచ్చిన ఇద్దరు యాత్రికులు, ఒక పారిస్ విలేఖరి, ఒక స్విస్ వర్తకుడు గాయాలు కడగడానికి, చనిపోయేవారి ఉత్తరాలు రాయడానికి కూర్చున్నారు. ఒకరిద్దరు ఆ దృశ్యం చూడలేక తామే జబ్బుపడ్డారు. ఊరి గురువు డాన్ లొరెంజో బార్జిజ్జా ఈ పని అంతటికీ కుడిభుజంగా నిలిచారు. డ్యూనాంట్ ప్రొటెస్టెంటు, బార్జిజ్జా కథోలికుడు. ఆ మూడు రోజులలో ఆ భేదం ఎవరికీ జ్ఞాపకం రాలేదు.

అన్నిటికంటె గొప్ప సంగతి ఆ ఊరి స్త్రీలది. ఆస్ట్రియావారు వారికి శత్రువులు, నిన్నటిదాకా వారిపై పెత్తనం చేసినవారు. మొదట సహజంగానే స్నేహపక్షపు సైనికుల దగ్గరకే చేతులు వెళ్లాయి. డ్యూనాంట్ గారు ఏ జాతివాడని అడుగకుండా అందరికీ సమానంగా పరిచర్య చేయడం చూచి, ఆ స్త్రీలు కూడా అదే చేయసాగారు. అందరూ సోదరులే అనే మాట వారి నోట ఒక పల్లవి అయ్యింది. ఏ వేదాంత పండితుడూ వారికి ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక మనిషి చేసి చూపాడు, వారు చేశారు.

అయితే ఆ ఊరివారు దేవదూతలు కారు. శనివారం నాడు ఆస్ట్రియా సైన్యం తిరిగి వస్తున్నదని ఒక పుకారు లేచింది. క్షణంలో ఊరు తారుమారైంది. జనం తలుపులు బిగించుకొన్నారు, ఇళ్లమీద ఎగురవేసిన జెండాలను తీసి తగులబెట్టారు, కొందరు ఊరు విడిచి పరుగెత్తారు. మరికొందరైతే దారిలో పడి ఉన్న ఆస్ట్రియా క్షతగాత్రులను వెదకి తెచ్చి, ఉన్నట్టుండి ఆదరించసాగారు. వచ్చేవారు దయ చూపుతారన్న ఆశ! పుకారు అబద్ధమని తేలింది. గాయపడిన శత్రువును ఇంట పెట్టుకొన్నందుకు ఎవరికీ ఆపద రాదన్న భరోసా ఆనాడు లోకంలో ఎక్కడా లేదు. భయం కరుణను ఎంత త్వరగా మింగుతుందో డ్యూనాంట్ గారు కళ్లారా చూచారు.

ఇంకొకటి కూడా చూచారు. ఊళ్లో నీళ్లు ఉన్నాయి, ఆహారం ఉంది, కట్టుగుడ్డలు గుట్టలుగా వచ్చాయి. అయినా మనుషులు దప్పికతో, ఆకలితో, కట్టు కట్టేవారు లేక చనిపోయారు. లోపించినది జాలి కాదు, వస్తువులు కావు. పని తెలిసిన చేతులు, ముందుగా చేసుకొన్న ఏర్పాటు. పట్టుబడిన ఆస్ట్రియా వైద్యులు ఖైదులో ఊరకనే ఉంటే, బయట వారి దేశస్థులే వైద్యం లేక చనిపోతున్నారు. ఆ వైద్యులను విడిచిపెట్టమని డ్యూనాంట్ గారు చక్రవర్తి శిబిరానికి వెళ్లి అర్థించారు. జూలై మొదటి రోజులలో అట్టి ఆజ్ఞ వెలువడింది. తన పిండిమరల విషయంలో మాత్రం ఆయనకు ఏమీ దొరకలేదు.

మృతుల సంగతి

బ్రతికినవారికి సేవ చేయడం ఒక పని. చనిపోయినవారికి చేయవలసినది మరొక పని. సొల్ఫెరీనో పొలాలలో శవాలను పూడ్చడానికి మూడు పగళ్లు, మూడు రాత్రులు పట్టింది. ఎండాకాలం. చుట్టుప్రక్కల రైతులను పట్టి తెచ్చి పెద్ద పెద్ద గుంటలు తవ్వించారు. దొంగలు అప్పటికే శవాల బట్టలు, బూట్లు కూడా ఊడ్చుకుపోయారు. బట్టలు పోతే పటాలం తెలియదు, పటాలం తెలియకపోతే పేరు తెలియదు. ఆ తొందరలో కొన ఊపిరితో ఉన్నవారిని కూడా పూడ్చి ఉంటారన్న అనుమానం డ్యూనాంట్ గారిని వదలలేదు.

గుడిలో ఆయన ప్రక్కన చనిపోయినవారిలో క్లాడియస్ మాజ్వే అనే ఇరవై ఏండ్ల యువకుడు ఒకడు. తాను బ్రతకనని అతనికి తెలుసు. తన తండ్రికి ఉత్తరం రాసి, తల్లిని ఓదార్చమని చెప్పవలసిందిగా కోరాడు. లియోన్ పట్టణంలోని ఇంటి గుర్తులు చెప్పాడు. డ్యూనాంట్ గారు ఆ ఉత్తరం రాశారు. అతడు వారికి ఒక్కడే కుమారుడు. ఆ ఉత్తరం తప్ప అతని గురించి ఆ తల్లిదండ్రులకు ఏ కబురూ అందలేదు. ఆ గుడిలో ఒక వర్తకుడు కాగితం, కలం పట్టుకొని కూర్చొని ఉండకపోతే అతడు కూడా ఏమైనదీ తెలియనివారి జాబితాలో ఒక అంకె అయి ఉండేవాడు. బిడ్డ చనిపోయాడని తెలియడం దుఃఖమే. తెలియకపోవడం అంతులేని దుఃఖం. వాకిట అడుగుల చప్పుడైతే ఇప్పటికీ తలెత్తి చూచే తల్లి బాధ అది.

పదకొండేండ్ల తరువాత, 1870లో, సొల్ఫెరీనోలోని పునీత పేతురు గుడిని అస్థికల మందిరంగా ఏర్పాటు చేశారు. పొలాలలో దొరికిన సుమారు ఏడు వేల మంది ఎముకలను అక్కడ చేర్చారు. బలిపీఠం వెనుక 1,413 కపాలాలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఏది ఫ్రెంచివానిదో, ఏది ఆస్ట్రియావానిదో చెప్పగలవారు లేరు. చెప్పవలసిన అవసరమూ లేదు.

పుస్తకం నుండి ఒడంబడికకు

డ్యూనాంట్ గారు జెనీవాకు తిరిగి వచ్చినా ఆ గుడి ఆయనను విడువలేదు. 1862లో తాను చూచినదంతా ఒక పుస్తకంగా రాసి, తన ఖర్చుతో 1,600 ప్రతులు అచ్చువేయించి, ఐరోపాలోని రాజులకు, మంత్రులకు, సేనానులకు పంపారు. అందులో ఆయన కోరినవి రెండే. మొదటిది, యుద్ధం వచ్చిన తరువాత పరుగెత్తడం కాక, శాంతికాలంలోనే ప్రతి దేశంలో సహాయ సంఘాలు ఏర్పడి, స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇచ్చి సిద్ధంగా ఉండాలి. రెండవది, గాయపడినవానికి, వానికి సేవచేసేవారికి హాని చేయకూడదని దేశాలు ఒడంబడిక చేసుకోవాలి.

ఆ పుస్తకం చదివి జెనీవాలో గుస్తావ్ మోయ్నియే అనే న్యాయవాది ముందుకు వచ్చాడు. ఆయనతో కూడ జనరల్ డ్యుఫూర్, డాక్టర్ అప్పియా, డాక్టర్ మోనువార్, డ్యూనాంట్ గారు కలిసి అయిదుగురు. 1863 ఫిబ్రవరి 17న వారు మొదటిసారి సమావేశమయ్యారు. అదే రెడ్‌క్రాస్ పుట్టుక. 1864 ఆగస్టు 22న పన్నెండు దేశాలు మొదటి జెనీవా ఒడంబడికపై సంతకాలు చేశాయి. గాయపడిన సైనికుడు ఏ దేశస్థుడైనా ఆదరించాలి. వైద్యులు, ఆసుపత్రులు ఎవరి పక్షమూ కావు. అందులో ఒక షరతును మనం ప్రత్యేకంగా గమనించాలి. గాయపడినవారికి సహాయం చేసే ఊరివారిని గౌరవించాలి, క్షతగాత్రుడు ఉన్న ఇంటికి రక్షణ ఉండాలి. పుకారుకు బెదరి తలుపులు మూసుకొన్న కాస్తిల్యోనే భయానికి ఇది జవాబు. తెల్లని గుడ్డమీద ఎర్రని సిలువ దీనికంతటికీ గుర్తు అయ్యింది.

అదే 1864వ సంవత్సరం నవంబరు 1న మన బందరును ఉప్పెన ముంచెత్తింది. దాదాపు 30 వేల ప్రాణాలు పోయాయి. ఒడంబడికపై సిరా ఆరి రెండున్నర నెలలు కూడా కాలేదు. కాని దాని వార్త గాని, అట్టి సంఘం గాని మన తీరానికి అప్పటికి చేరలేదు. మన దేశంలో రెడ్‌క్రాస్ సంస్థ చట్టరీత్యా ఏర్పడినది 1920లో మాత్రమే.

పతనం

ఇక తల దించుకొనవలసిన కథ. డ్యూనాంట్ గారు లోకానికి సేవ చేస్తుండగా అల్జీరియా వ్యాపారం కుంగిపోయింది. 1867లో ఆయన దివాలా తీశారు. అప్పు దాదాపు పది లక్షల ఫ్రాంకులు. డబ్బు పెట్టినవారిలో స్నేహితులు, బంధువులు ఎందరో ఉన్నారు. 1868లో జెనీవా న్యాయస్థానం ఆయనను మోసపూరిత వ్యవహారాలకు బాధ్యునిగా తీర్పు చెప్పింది. ఆయన తప్పు లేదని నేను చెప్పడం లేదు. నష్టపడినవారి కన్నీళ్లు కూడా కన్నీళ్లే. అయితే తరువాత జరిగినది ఆలోచించవలసిన విషయం. రెడ్‌క్రాస్ సంఘం ఆయనను తొలగించింది. తాను స్థాపించిన వై.ఎం.సి.ఏ. వెలివేసింది. భక్తిపరులైన జెనీవా పెద్దలు మొగం చాటేశారు. జన్మభూమిని విడిచిన ఆయన మరల ఎన్నడూ జెనీవాలో అడుగు పెట్టలేదు.

పారిస్‌లో పేదరికం. వెలిసిపోయిన కోటుకు సిరా పూసి నలుపు చేసుకొనేవారు, మాసిన కాలరుకు సుద్ద రాసుకొనేవారు. కొన్ని రాత్రులు బయటనే నిద్ర. అట్టి స్థితిలో కూడా 1870లో జర్మనీతో యుద్ధం వచ్చి పారిస్‌కు క్షతగాత్రులు చేరినప్పుడు ఆయన వారి వద్దకు వెళ్లారు. చనిపోయిన సైనికుణ్ణి గుర్తించడానికి ప్రతివాని ఒంటిమీద ఒక గుర్తుబిళ్ల ఉండాలని పట్టుబట్టి ప్రవేశపెట్టారు. లియోన్ తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం ఆయన మరువలేదని దీనివలన తెలుస్తుంది.

తరువాత లోకం ఆయనను మరచిపోయింది. చాలామంది చనిపోయాడనే అనుకొన్నారు. ఊరూరా తిరిగి 1887లో స్విట్జర్లాండులోనే, కాన్‌స్టాన్స్ సరస్సు పైగట్టున ఉన్న హైడెన్ అనే చిన్న ఊరు చేరారు. 1892 నుండి అక్కడి ఆసుపత్రిలో ఒక గది ఆయన నివాసం. 1895లో గియోర్గ్ బౌంబెర్గర్ అనే పత్రికా సంపాదకుడు ఆయనను కలిసి ఒక వ్యాసం ప్రకటించగా లోకం ఉలిక్కిపడింది. ఉత్తరాలు, సహాయాలు, గౌరవాలు వెల్లువెత్తాయి. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని ఫ్రెడరిక్ పాసీ గారితో కూడ ఆయనకు ఇచ్చారు. ఆ డబ్బును ఆయన తనకోసం ఖర్చు పెట్టుకొనలేదు. 1910 అక్టోబరు 30న ఆ ఆసుపత్రి గదిలోనే కన్నుమూశారు. తనకు సేవచేసినవారికి, ధర్మసంస్థలకు ఆస్తి రాసి, హైడెన్ ఊరి పేద రోగికోసం ఆసుపత్రిలో ఒక ఉచిత పడకకు ఏర్పాటు చేశారు. తనకు ఏ ఆర్భాటమూ, ఏ క్రియాకాండమూ వద్దని కోరగా జ్యూరిక్‌లో నిరాడంబరంగా సమాధి చేశారు. ఏ గుడిలో అయితే ఆయన వందలాది మంది చివరి శ్వాసకు తోడున్నాడో, అట్టి గుడి ప్రార్థన తన శవానికి వద్దనుకొనేటంతగా మనస్సు విరిగింది. దీనికి ఆయన ఒక్కడే బాధ్యుడా?

మన సంగతి

ప్రియ పాఠకులారా, కాస్తిల్యోనే మనకు దూరం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ, విశాఖపట్నాలపై బాంబులు వేశాయి. తాడేపల్లిగూడెంలోని పాత రన్‌వే ఆ యుద్ధకాలపు గుర్తే. తరువాత మన మీదికి సైన్యాలు రాలేదు. వచ్చినవి నీళ్లు, గాలి, రోగాలు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. ఎందరి శవాలనో పేరు తెలియకుండానే సామూహికంగా దహనం చేయవలసివచ్చింది. సొల్ఫెరీనో గుంటలకు, ఆ చితులకు తేడా ఏమిటి? 2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. కొద్దిరోజులలో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కారణం ఏమిటో తెలియకముందే వారిని ఎత్తుకొని పరుగెత్తినది ప్రక్కింటివారే. తమ్మిలేరు, బుడమేరు పొంగినప్పుడు, కొల్లేటి లంకలు నీట మునిగినప్పుడు జనం చేరేది బడులకు, గుడులకు.

మన ఊళ్లలో జాలికి కొదువ లేదు. కొదువ ఉన్నది ఏర్పాటుకే. అపాయం వచ్చిన రాత్రి గుడి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ప్రథమ చికిత్స నేర్చినవారు మన యువజన సమాజంలో ఎందరు? లంకలో ఒంటరిగా ఉండే ముసలివారి పేర్లు, ఇళ్ల గుర్తులు స్త్రీల సమాజం పుస్తకంలో ఉన్నాయా? వచ్చినవాడు ఏ కులం, ఏ సంఘం అని అడిగే నోళ్లకు ముందుగానే ఎవరు నచ్చజెప్పాలి? దిక్కులేని శవానికి మన సమాధుల తోటలో చోటు, పేరు రాసే రిజిష్టరులో ఒక వరుస ఉంటుందా? శతాబ్ది ఉత్సవానికి కట్టే తోరణాలు వారంలో వాడిపోతాయి. ఈ ప్రశ్నలకు జవాబులు రాసిపెట్టుకొంటే అవి రానున్న నూరేండ్లూ ఉపయోగపడతాయి.

ఇంకొక మాట. గాయాలన్నీ నెత్తురు కార్చవు. వ్యాపారం మునిగినవాడు, అప్పులపాలై చెరువుగట్టు వదిలిపెట్టి పోయినవాడు, తప్పుచేసి తీర్పు పొందినవాడు, సిగ్గుతో ఆదివారం గుడి మెట్లు ఎక్కలేనివాడు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. ఇటలీలోని ఆ చిన్న ఊరు పరదేశీ శత్రువుకు తలుపు తెరిచింది. జెనీవా మహాపట్టణం తన సొంత బిడ్డకు తలుపు మూసింది. ఆ మూసిన తలుపు మరల తెరుచుకొనడానికి ఇరవై ఎనిమిది ఏండ్లు పట్టింది, అది కూడా ఒక విలేఖరి తట్టితే.

మన సంఘం రెండవ శతాబ్దంలో కాస్తిల్యోనే వలె ఉండునట్లు ప్రభువు మనకు కృప అనుగ్రహించును గాక.